కండ అదిరినప్పుడల్లా గుండె అదరాలా?

పాఠకుల ప్రశ్నలకు విజయవాడ మానసిక వైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 33. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. మూడేళ్ల పాప ఉంది. మా షావుకారు గారికి ఎ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు వచ్చింది. మొదట్లో చిట్టీ రాస్తూ ఉంటే చేతిలోంచి పెన్ను జారిపోయేది. ‘వయసైపోతోందిరా’ అనేవారు. కొన్నాళ్లకు చొక్కా గుండీలు నన్ను పెట్టమనేవారు. తర్వాత మాట ముద్దయింది. మంచినీళ్లు తాగినా పొలమారేది. చివరి నెలల్లో రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఆ రోజు లెక్కలు చదివి వినిపించేవాణ్ని. అవునో కాదో కళ్లతోనే చెప్పేవారు. కిందటి సంక్రాంతి ముందు పోయారు.

ఆయన పోయిన కొద్ది వారాలకే నా ఎడమ పిక్కలో కండ అదరడం మొదలైంది. తర్వాత తొడ, భుజం, కంటిరెప్ప. రాత్రుళ్లు ఫోన్‌లో వెతికాను. ఎక్కడ చూసినా అదే జబ్బు పేరు. అప్పటినుంచి కొట్టు వెనక మిర్చి టిక్కీల (బస్తాల) చాటున మునివేళ్ల మీద నడిచి చూసుకుంటున్నాను. దర్జీ టేపుతో కొలిస్తే ఎడమ పిక్క ఒక సెంటీమీటరు తక్కువుంది. అద్దం ముందు ఫోన్ లైటు వేసి నాలుక చాపి చూస్తే అదీ వణుకుతోంది. కొత్తపేటలో నరాల డాక్టరు గారు సుత్తితో తట్టి చూసి ఏమీ లేదన్నారు. నేను పట్టుబడితే కండలో సూది గుచ్చి చూసే పరీక్ష చేయించారు. నార్మల్. వారం రోజులు ప్రాణం తేలికపడింది. తర్వాత ‘మొదట్లో పరీక్షలు నార్మల్‌గా రావచ్చు’ అని ఎక్కడో చదివాను. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి ఎమ్మారై తీయించుకున్నాను. అదీ నార్మలే. ఇప్పుడు పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. చెయ్యి పట్టుతప్పి పడేస్తానేమోనని పాపను ఎత్తుకోవడం మానేశాను. సైంటిస్టు స్టీఫెన్ హాకింగ్ గారికి 21 ఏళ్లకే ఈ జబ్బు వచ్చిందట కదా, నాకు రాకూడదని ఏముంది? మా ఆవిడ ‘అంతా నీ భ్రమ’ అంటోంది. ఇంకా ఏ పరీక్ష చేయించుకోవాలి? నరాల బలానికి మాత్రలు వాడనా?
— పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందుగా మీ షావుకారు గారి గురించి ఒక మాట. ఒక పెద్దాయన కళ్లముందే అలా మాట పోయి, కదలిక పోయి వెళ్లిపోతే, నెలల తరబడి ఆయన మంచం పక్కన కూర్చున్నవాడికి ఆ భయం తగలకుండా ఎలా ఉంటుంది? లెక్కలు చదివి వినిపించారన్నారు. ఆ మనిషికి తాను ఇంకా కొట్టు యజమానినే అనిపించేలా చేశారు మీరు. అది చిన్న సేవ కాదు. ఆ దుఃఖం ఇంకా మీలో ఉంది. దాని గురించి మీరు ఎవరితోనూ మాట్లాడినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. వాళ్లింటివాళ్లతోనో, కొట్లో పాతవాళ్లతోనో ఒకసారి కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోండి. ఇది కూడా వైద్యంలో భాగమనే చెబుతున్నాను. మీరు అడగలేదు గానీ, మనసులో ఏ మూలో ఉంటుందేమో: అది అంటుకునే జబ్బు కాదు. ఆయన చెయ్యి పట్టుకున్నందుకు, ఆయన గ్లాసు అందుకున్నందుకు మీకేమీ కాదు.

మీ ఆవిడ మీకు ధైర్యం చెబుదామనే ‘భ్రమ’ అని ఉంటుంది. నేను మాత్రం ఆ మాట వాడను. మీ పిక్క నిజంగానే అదురుతోంది. పాదాలకు తిమ్మిరి నిజంగానే ఎక్కుతోంది. అయితే అవి ఆ జబ్బు గుర్తులని మీరు అనుకోవడమే సరైంది కాదు. ఎందుకు కాదో మీ ఉత్తరంలోంచే చూపిస్తాను.

షావుకారు గారికి మొదట ఏమైంది? పెన్ను జారింది. గుండీ పెట్టుకోవడం రాలేదు. ఏళ్ల తరబడి చేస్తున్న పని చెయ్యి చేయలేకపోయింది. ఆయనేమో వయసనుకుని వదిలేశారు. మీకు ఇదంతా తిరగబడి ఉంది. బలం తగ్గినట్టు అనిపిస్తోందే గానీ పని ఒక్కటీ ఆగలేదు. సీజన్లో రోజంతా చిట్టాలు రాస్తున్నారు, మునివేళ్ల మీద నడవగలుగుతున్నారు. ఎ.ఎల్.ఎస్.లో మెదడులో, వెన్నుపాములో ఉండి కండలను కదిలించే నాడీకణాలు క్రమంగా చచ్చిపోతాయి. కండకు ఆజ్ఞ అందదు, పని తప్పుతుంది, కండ సన్నబడుతుంది. అదురు ఆ వరసలో వచ్చేదే. కొందరు రోగులకైతే తమ కండలు అదురుతున్న సంగతి డాక్టరు చొక్కా విప్పించి చూపించేదాకా తెలియదు. బలం తగ్గకుండా, కండ కరగకుండా, ఒళ్లంతా అక్కడా ఇక్కడా అదురు మాత్రమే తిరుగుతుంటే దాన్ని నరాల డాక్టర్లు హానిలేని అదురు కిందే లెక్కిస్తారు.

ఆ అదురు లేని మనిషి దాదాపుగా లేడు. ఏ కన్నదిరితే మంచిది, ఏది చెడ్డది అని మన ఇళ్లలో తరాలుగా శకునం చూసుకుంటున్నామంటేనే తెలియడం లేదా, అది ఎంత మామూలో! నిద్ర చాలకపోయినా, టీలు కాఫీలు ఎక్కువైనా, ఒళ్లు అలసినా, చెమట పట్టి నీరూ ఉప్పూ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, ఆయాసానికి సాల్బుటమాల్ వాడుతున్నా కండలు అదురుతాయి. అన్నిటికంటే ముందు ఆందోళన. మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డులో మీరు పడే పాట్లు ఊహించగలను. రేకుల షెడ్డు కింద ఉడుకు, మిర్చి ఘాటు, పూటకు ఎన్ని టీలో లెక్కుండదు, రాత్రికి ఫోన్ పట్టుకుని జాగారం. ఆ ఒంట్లో కండ అదరకుండా ఎలా ఉంటుంది?

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలా హానిలేని అదురు ఉన్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల దాకా గమనించి 1993లో ఆ వివరాలు ప్రచురించారు. వాళ్లలో ఒక్కరికి కూడా ఎ.ఎల్.ఎస్. రాలేదు. ఈ మాట చదవగానే మీకు ప్రాణం లేచొస్తుంది. అరగంట తర్వాత ‘ఆ నూట ఇరవై రెండోవాణ్ని నేనైతే?’ అనే ఆలోచన వస్తుంది. నా గదిలో ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాల్లో అది వచ్చే క్షణం నాకు కనిపిస్తుంది. దీని సంగతి తర్వాత చెబుతాను. అసలు చికిత్స దానికే.

మిగతావి త్వరగా చూద్దాం. తిమ్మిరి: ఎ.ఎల్.ఎస్. ప్రధానంగా కదలిక నరాల జబ్బు, స్పర్శ తెలిపే నరాల జోలికి పెద్దగా పోదు. పాదాల తిమ్మిరి ఆ జబ్బుకు అనుకూలమైన సాక్ష్యం కాదు. దానికోసం షుగరు, బి12 ఒకసారి చూపించుకోండి, చాలు. కంగారులో ఊపిరి వేగంగా తీసినా వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. నాలుక: బయటికి చాపి పెడితే ఎవరి నాలుకైనా వణుకుతుంది. డాక్టర్లు నాలుకను నోట్లోనే ఊరికే ఉంచమని చూస్తారు. పిక్క కొలత: రెండు కాళ్లూ కొలతకు సమానంగా ఉండే మనుషులు అరుదు, టేపు ఒక వేలెడు పైకి జరిగినా ఆ సెంటీమీటరు మారిపోతుంది. సూది పరీక్ష: ఈ జబ్బు వల్లే అదురుతున్న కండలో సూది పెడితే సాధారణంగా నరం దెబ్బతిన్న గుర్తులు దొరుకుతాయి, చాలాసార్లు బలం తగ్గడానికి ముందే. మీకు డాక్టరు చేసిన పరీక్షా మామూలుగానే ఉంది, సూది పరీక్షా మామూలుగానే ఉంది. ఈ రెండూ కలిస్తే గట్టి మాట.

హాకింగ్ సంగతి. ఆయనకు 1963లో, 21 ఏళ్ల వయసులో జబ్బు బయటపడింది నిజమే. 2018 దాకా, 76 ఏళ్లు బతికారు. వచ్చిన వయసులోనూ బతికిన కాలంలోనూ ఆయన ఆ జబ్బుకు సాధారణ ఉదాహరణ కాదు. అంత పేరున్న మనిషి కావడం వల్ల లోకమంతటికీ తెలిసిన రోగి ఆయనే అయ్యారు, అంతే. సాధారణంగా ఇది 50 దాటాక, ఎక్కువగా 55–65 మధ్య మొదలవుతుంది. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం లక్ష మందిలో ఏడాదికి సుమారు ఇద్దరికి కొత్తగా వస్తుంది. కుటుంబంలో నడిచేది నూటికి అయిదు నుంచి పది మందిలోనే. మీ షావుకారు గారు మీకు రక్త బంధువు కూడా కాదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న: ఇంకా ఏ పరీక్ష? ఏదీ వద్దు. ఈ మాట విసుగుతో అనడం లేదు. ప్రతి పరీక్షా మీకు వారం రోజుల ప్రశాంతత ఇచ్చి, ఆ తర్వాత ఇంకో అనుమానాన్ని చేతిలో పెట్టి పోయింది. మీరే రాశారు. మీరు కోరుతున్నది ‘ఈ జబ్బు నాకు ఎన్నటికీ రాదు’ అనే హామీ. అది ఏ సూదీ ఏ స్కానూ ఇవ్వలేదు. నాకూ ఎవరూ ఇవ్వలేదు. మీరు గుమస్తా కాబట్టి మీ లెక్కలోనే చెబుతాను. రాత్రి చిట్టా కూడి, రోకడం సరిపోయాక పుస్తకం మూసేస్తారు. సరిపోయిన లెక్కను తెల్లవార్లూ మళ్లీ మళ్లీ కూడుతూ కూర్చుంటే లెక్క మారదు, మీ కళ్లే తిరుగుతాయి. మీ ఒంటి విషయంలో మీరు చేస్తున్నది ఇదే.

పైగా ఆ చూసుకోవడమే కొత్త లక్షణాలు పుట్టిస్తుంది. మాటిమాటికీ మునివేళ్ల మీద లేస్తే ఎవరి పిక్కయినా నొప్పి పెడుతుంది, బరువెక్కుతుంది, ఇంకా అదురుతుంది. దాన్ని మీరు ‘బలం తగ్గింది’ అని రాసుకుంటారు. ఇది చదువుతూనే ఒక నిమిషం మీ ఎడమ అరచేతి మీద దృష్టి పెట్టండి. వెచ్చగానో, చిటచిటగానో, కొట్టుకుంటున్నట్టో ఏదో ఒకటి తెలుస్తుంది. ఇందాకటి దాకా అది లేదా? ఉంది. మీరు అటు చూడలేదు.

ఏం చేయాలంటే, మొదట పాపతో మొదలుపెట్టండి. ఈ రాత్రే ఎత్తుకోండి. మంచం పక్కన నిలబడి ఎత్తుకోండి, భయమైతే కూర్చుని ఒళ్లోకి తీసుకుని లేవండి. రేపు కూడా. భయం తగ్గాక ఎత్తుకుంటానంటే ఆ రోజు రాదు. ఎత్తుకుంటూ ఉంటేనే భయం తగ్గుతుంది. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ ఒక్క వాక్యమే. మూడేళ్ల పిల్లకు నాన్న ఎందుకు ఎత్తుకోవడం లేదో ఎలా అర్థమవుతుంది?

రెండోది టేపు. దాన్ని మీ ఆవిడ చేతికిచ్చి కుట్టు మిషను సొరుగులో పెట్టించండి. మునివేళ్ల నడక, నాలుక పరీక్ష ఒక్కసారిగా ఆపలేకపోతే వాయిదా వేయండి. చూసుకోవాలనిపించిన క్షణం గడియారం చూసి పావుగంట ఆగండి. ఆ పావుగంటలో భయం పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. పెరిగి, ఏమీ చేయకుండానే దానంతటదే దిగడం మొదలుపెడుతుంది. ఇది మీకు అనుభవంలోకి రావాలి, నేను చెబితే రాదు. ఒక చిన్న పుస్తకంలో రాయండి: ఎప్పుడు భయమేసింది, పదిలో ఎంత, చూసుకున్నానా ఆగానా, అరగంట తర్వాత ఎంత. కొన్ని వారాల రాతలు పక్కపక్కన పెట్టి చూస్తే, చూసుకున్న రోజుకంటే ఆగిన రోజే భయం త్వరగా దిగిందని మీ చేతిరాతే చెబుతుంది. పావుగంట అరగంట అవుతుంది, అరగంట ఒక పూట అవుతుంది.

‘నూట ఇరవై రెండోవాణ్ని నేనైతే?’ అన్న ఆలోచన వచ్చినప్పుడు దానితో వాదనకు దిగకండి. వాదిస్తే అది కొత్త ప్రశ్న వేస్తుంది. ‘అవ్వొచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు మాత్రం లాట్ల లెక్క చూడాలి’ అని లోపలే అనుకుని చేతిలో ఉన్న పనిలోకి వెళ్లండి. మొదట్లో ఈ మాట నోట్లో చేదుగా ఉంటుంది. అయినా అనండి. ఫోన్‌లో జబ్బుల వెతుకులాట పూర్తిగా బంద్. అక్కడ రాసేవాళ్లు అరుదైన జబ్బుల గురించే రాస్తారు. పిక్క అదిరి, నాలుగు రోజులకు తగ్గి, మర్చిపోయినవాడు ఎందుకు రాస్తాడు?

దీన్ని మేము ఆరోగ్య ఆందోళన అంటాం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్సతో బాగా తగ్గుతుంది. పైన చెప్పినవన్నీ అందులోవే, ఒక మనిషి పక్కనుండి చేయిస్తే తేలిక. ఆందోళన బాగా ముదిరితే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు ఇస్తాం. అవి నిద్రమాత్రలు కావు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారం కాస్త కంగారు పెరిగినట్టు ఉండొచ్చు, డాక్టరుకు చెప్పకుండా టక్కున ఆపకూడదు. మెడికల్ షాపులో ఎవరో ఇచ్చారని ఆల్‌ప్రజోలామ్ మింగొద్దు, అది అలవాటు పడుతుంది. నరాల బలం మాత్రలు అడిగారు. బి12 తక్కువుంటే అది వాడాలి. అంతేగానీ బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే దానివల్లే నరాలు దెబ్బతిని తిమ్మిర్లు వస్తాయి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది, వెళ్లండి. ఇంటినుంచే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు.

మళ్లీ నరాల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో చెప్పకపోతే నా పని సగమే చేసినట్టు. అడుగు ఈడ్చుకుపోయి మాటిమాటికీ తట్టుకుంటున్నా, తాళం తిప్పడం, గుండీ పెట్టడం లాంటి పని చేయలేకపోతున్నా, మాట ముద్దగా ఉందని ఎదుటివాళ్లు అంటున్నా, నీళ్లు తరచూ పొలమారుతున్నా వెళ్లాలి. ఇవి వెతికితే దొరికేవి కావు, వస్తే వాటంతటవే అడ్డం పడతాయి. కాబట్టి ఈ పేరా కత్తిరించి జేబులో పెట్టుకోకండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. మా వారికి 41. ఆటోనగర్లో లేత్ పని. మా మామగారు పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుతో మంచాన పడి పోయారు. రెండు నెలలుగా మా వారు చెయ్యి చాపి దానిమీద పేపరు పెట్టుకుని వణుకుతోందేమో చూసుకుంటున్నారు. ‘నిన్నటికంటే ఎక్కువైందా చూడవే’ అని నన్నే అడుగుతారు. ఎక్కువ కాలేదని చెబితే ఒక గంట బాగుంటారు, అన్నాలయ్యాక మళ్లీ అడుగుతారు. డాక్టరు దగ్గరికి పదమంటే ఆ పేరు వినడానికే భయపడి రావడం లేదు. మొన్న విసిగిపోయి అరిచాను. పిల్లల ముందే ఏడ్చారు. నేనేం చేయాలి?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు అరిచింది అలసటతో. రోజుకు ఎన్నోసార్లు అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పడం ఎవరికైనా భారమే. పై ఉత్తరం రాసినాయన డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నారు, మీ వారు డాక్టరు గడప తొక్కడం లేదు. భయం ఒకటే, దారులు వేరు. ఇక్కడ మాత్రం డాక్టరుకు చూపించడమే మొదటి పని, ఎందుకంటే ఇంతవరకూ ఎవరూ ఆయన్ని పరీక్షించలేదు.

చాపిన చెయ్యి మీద పేపరు పెడితే ఆరోగ్యవంతుడి చెయ్యి కూడా కదులుతుంది. టీ తాగాక, కంగారులో, రోజంతా లేత్ మీద పని చేసి వచ్చాక ఇంకా కదులుతుంది. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు, ఒక పక్క మొదలవుతుంది. దానితోపాటు పనుల్లో నెమ్మది, బిగుతు వస్తాయి. లేత్ మీద సన్నటి కొలతలు పట్టగలుగుతున్నారా, అడగండి. పట్టగలుగుతుంటే అది మంచి సంగతే. అయినా తేల్చాల్సింది నేనూ కాదు, మీరూ కాదు, ఆయన్ని నడిపించి చూసే డాక్టరు. ‘జబ్బుందో లేదో చూపించుకుందాం’ అంటే రారు. ‘రెండు నెలలుగా ఇంత కంగారు పడుతున్నారు, దానికి చూపించుకుందాం’ అని తీసుకెళ్లండి. అది అబద్ధం కూడా కాదు.

వెళ్లొచ్చాక, ఏమీ లేదని డాక్టరు చెబితే, మీరిద్దరూ ప్రశాంతంగా ఉన్న సమయంలో ఒక ఒప్పందం చేసుకోండి. చెయ్యి చూడమని అడిగితే మీరు అవుననీ అనరు, కాదనీ అనరు. ‘భయంగా ఉందా? ఇలా వచ్చి కూర్చోండి’ అంటారు, అంతే. ఆయనతోనే ముందు ఒప్పించాలి, లేకపోతే మీరు పట్టించుకోవడం లేదనుకుంటారు. మొదటి వారం ఇంకా ఎక్కువ అడుగుతారు. ఆగండి. పిల్లలను మాత్రం ఈ చూడటంలోకి లాగనివ్వొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ, గ్యాస్ మాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. మన దగ్గర గ్యాస్‌కి ఇచ్చే కొన్ని మాత్రల్లో లెవోసల్పిరైడ్ అనే మందు కలిసి ఉంటుంది. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అలాంటివే. ఇవి వాడుతుంటే కొందరికి పార్కిన్సన్స్ లాంటి వణుకే వస్తుంది, మందు ఆపాక చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో తగ్గిపోతుంది. మీ అంతట మీరు ఏదీ ఆపకండి, ఆ స్ట్రిప్పులు డాక్టరు బల్ల మీద పెట్టి చూపించండి. ఆయాసానికి ఇన్‌హేలర్ ఉంటే అదీ తీసుకెళ్లండి. థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించారో కాగితం ఉంటే వెతికి పెట్టుకోండి.